దుబారా నివారణ సంఘం వారి తెల్లగోడ

మా భవనంలో ఉంటున్నవారికీ, మాతో పడలేక పక్క భవనానికి మారినవారికీ, ఇంకా ఈ విషయం తెలుసుకోదలచిన సమస్త సజ్జనులకూ దుబారా నివారణ సంఘం కార్యదర్శి హోదాలో సవినయంగా తెలియజేయడమేమనగా: పాస్‌పోర్టు ఫోటో కోసం మనిషి స్టూడియోకి వెళ్లవలసిన అవసరం లేదని మా సంఘం శాస్త్రీయంగా నిరూపించింది. నిరూపించడానికి కొంత ఖర్చయింది. ఆ ఖర్చును భవన నిర్వహణ పద్దులో చూపించాం కాబట్టి అది ఖర్చు కిందికి రాదు.

సంఘం అంటే ఏమిటో తెలియని అమాయకులు ఇంకా ఉన్నారు గనుక రెండు ముక్కలు చెప్పాలి. మనం చేసుకోగలిగిన పనికి బయటివాడికి డబ్బివ్వడం దుబారా. మనం చేసుకోలేని పనికి డబ్బివ్వడం మరీ దుబారా, ఎందుకంటే అసలా పని మనకెందుకు? ఈ రెండు సూత్రాల మీదే మా భవనం నిలబడి ఉంది. అందరికీ కలిపి ఒకే దినపత్రిక. పొద్దున్నే పై అంతస్తులో మొదలై, ఇంటింటా ఆగుతూ మెట్లు దిగి, సాయంత్రానికి కింది అంతస్తుకి చేరుతుంది. వార్తలు తమకు ఆలస్యంగా తెలుస్తున్నాయని కిందివాళ్లు ఒకసారి ఫిర్యాదు చేస్తే, "బెంగ కూడా ఆలస్యంగానే కదా పడుతున్నారు, మీరే అదృష్టవంతులు" అని అధ్యక్షులవారు సెలవిచ్చారు. మెట్ల దగ్గరి బల్బు కోశాధికారి గారి బీరువాలో భద్రంగా ఉంటుంది. చీకట్లో ఎవరైనా జారిపడితే, ఎవరు పడ్డారో చూడడానికి తెచ్చి వెలిగిస్తారు.

అధ్యక్షులవారు మా బాబాయి. తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సొంత బాబాయి అని పొగడడం కాదు గానీ, టూత్‌పేస్టు ట్యూబును కత్తెరతో నిలువునా కోసి లోపల ఏమీ లేదని కళ్లారా చూస్తే గానీ కొత్తది తీయనివ్వరు. ఎంగిలి చేత్తో కాకిని విదల్చరని గిట్టనివాళ్లు అంటారు. శుద్ధ అబద్ధం. విదులుస్తారు. ముందు చెయ్యి శుభ్రంగా నాక్కుంటారు, అంతే.

ఇక పిన్ని. అధ్యక్షులవారి భార్య కావడం వల్ల సంఘం చేసే ప్రయోగాలన్నీ మొదట ఆవిడ మీదే జరుగుతాయి. పెద్దాసుపత్రిలో రక్తం సీసాలూ, పరీక్షల రిపోర్టులూ ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి చేరవేసే ఉద్యోగం ఆవిడది. ఆ వరండాల్లో పరిగెత్తకూడదని గోడ మీద బోర్డు ఉండేది. అవతల రక్తం కోసం ఎదురుచూసే మనిషికి ఆ బోర్డు సంగతి తెలియదు కదా! పిన్ని బోర్డునీ కాదనకుండా, ఆ మనిషినీ కాదనకుండా, పరుగంత వేగంగా నడవడం నేర్చుకుంది. రిటైరయ్యాక ఎవరో బలవంతపెడితే పెద్దవాళ్ల నడక పోటీకి వెళ్లింది. మొదటి బహుమతి వచ్చింది. తరవాత ఇంకా పెద్ద పోటీ, అక్కడా అంతే. చివరికి పరాయి దేశంలో జరిగే వయోవృద్ధుల నడక పోటీకి రమ్మని ఉత్తరం వచ్చింది. విమానం టిక్కెట్టు, బస, భోజనం అన్నీ వాళ్లవే. బాబాయి ఆ ఉత్తరం పైకి చదువుతూ "అన్నీ వాళ్లవే" అన్న దగ్గర గొంతు గద్గదమై ఆగిపోయారు. పిన్నికి కావలసిందల్లా పాస్‌పోర్టు. నెలాఖరులోగా అర్జీ లోపలికి వెళ్లకపోతే పోటీకి అందదు.

ఆ సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తూ పిన్ని నాతో అంది: "ఒరేయ్ అబ్బాయ్, ఇన్నేళ్లూ నేను నడిచిందంతా ఎవరికో ఏదో అందించడానికేరా. చేతిలో ఏమీ పట్టుకోకుండా, ఒక్కసారి నాకోసం నేను నడవాలనుంది."

నేను ఈ మాట సమావేశం మినిట్సులో రాయలేదు. అజెండాలో లేని విషయం.

అర్జీకి ఫోటో కావాలి. మా వీధి చివర ఒక స్టూడియో ఉంది. దాని యజమాని ఫోటోకి తీసుకునే డబ్బు మా సంఘం ఒక్క సమావేశంలో తాగే టీ ఖరీదు కన్నా తక్కువే. కానీ ఇది డబ్బు విషయం కాదు, సిద్ధాంతం విషయం. అత్యవసర సమావేశం పెట్టి, టీలు తెప్పించుకుని, బాబాయి ప్రసంగించారు: "గోడ మనది. ఫోను మనది. మొహం మనది. ఇన్ని మనవై ఉండగా వాడికి డబ్బు దేనికివ్వాలి? గుడ్డ వెనక తల దూర్చినందుకా?" ఫోటోగ్రాఫర్లు గుడ్డ వెనక తల దూర్చడం మానేసి చాలాకాలమైంది గానీ, బాబాయి స్టూడియో గడప తొక్కని మనిషి కాబట్టి ఆయనకెలా తెలుస్తుంది? చప్పట్లు మోగాయి.

మొట్టమొదట, ఉన్న ఫోటోనే వాడుకోవాలని నిర్ణయించాం. బంధువుల పెళ్లిలో తీసిన గుంపు ఫోటోలో పిన్ని మూడో వరసలో ఉంది. అందులోంచి ఆవిడ తలను కత్తిరించి, పెద్దది చేసి, అర్జీకి అంటించి పంపాం. పాస్‌పోర్టు ఆఫీసు కౌంటర్లో ఒకమ్మాయి కూర్చుంటుంది. ఫోటోని దగ్గరగా చూసి, "అమ్మా, భుజం మీద ఈ చెయ్యి ఎవరిది?" అంది.

"మా తోడికోడలిదమ్మా."

"ఆవిడా వస్తున్నారా?"

"లేదు."

"మరి చెయ్యి ఒక్కటీ ఎందుకు వస్తోంది?"

పిన్ని వెనక్కి వచ్చేసింది. వెనకాల మనుషులు ఉండరాదు, తెల్లటి నేపథ్యం ఉండాలి, రెండు చెవులూ కనబడాలి, నవ్వరాదు అని ఆ అమ్మాయి చెప్పి పంపింది. ఇది చిన్న విషయమని సంఘం భావించింది. నేనూ, కోశాధికారి గారూ చెరో స్టూలు ఎక్కి తెల్ల దుప్పటి పట్టుకున్నాం. బాబాయి ఫోను పట్టుకుని, "ఊపిరి పీల్చకండి, దుప్పటి ఊగుతోంది" అని మమ్మల్ని ఆజ్ఞాపించారు. కోశాధికారి గారు ఆజ్ఞను తుచ తప్పక పాటించి, కళ్లు తిరిగి, దుప్పటితో సహా పిన్ని మీద పడ్డారు. ఫోటో మాత్రం అప్పటికే వచ్చింది. అందులో పిన్ని వెనక ఆవిడ కన్నా పెద్ద నీడా, పైన రెండు మూలలా నాలుగు వేళ్లూ ఉన్నాయి. కౌంటర్లో అమ్మాయి ఈసారి ఎవరి వేళ్లని కూడా అడగలేదు.

అప్పుడు పుట్టింది తెల్లగోడ పథకం. ఒక మనిషికి ఫోటో తియ్యడం ఏమంత గొప్ప? తరతరాలకూ పనికొచ్చేలా భవనానికే ఒక గోడ ఉండాలని బాబాయి సంకల్పించారు. మెట్ల కింద గోడను ఎంపిక చేశాం. రంగు కొంటే దుబారా కాబట్టి, ప్రతి ఇంట్లోనూ అటక మీద అడుగున మిగిలిన రంగు డబ్బాలు తెప్పించి ఒకే బకెట్లో పోసి కలిపాం. ఒకరిది మీగడ రంగు, ఒకరిది లేత నీలం, ఒకరిది పిల్లల గదికి వేసిన గులాబీ. కలిపాక వచ్చిన రంగు ఏమిటో చెప్పడానికి భాషలో మాట లేదు. గోడ ఎక్కువసేపు చూస్తే కొందరికి వికారం పుట్టింది. అయినా చింతలేదు. "సదరు గోడ రంగును ఇకమీదట తెలుపుగా పరిగణించాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాసి, అందరం సంతకాలు పెట్టాం. ఒకరిద్దరికి అనుమానం ఉన్న మాట నిజమే గానీ, సంతకం పెట్టాక వాళ్లకి కూడా గోడ కాస్త తెల్లగానే కనబడిందట.

ఆ తీర్మానం నకలు జతపరిచి ఫోటో పంపాం. కౌంటర్లో అమ్మాయి తీర్మానం మొత్తం చదివింది, పాపం, మర్యాదస్తురాలు. "మీ తీర్మానం బావుందండీ. కానీ మా మెషీన్ మీ సంఘంలో లేదు" అంది.

పిన్ని ఆరోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. "ఏవండీ, ఆ స్టూడియోకి వెళ్లొస్తానండీ. ఇంక రోజులు లేవు" అంది. బాబాయి నొచ్చుకున్నారు. "ఇదిగో, నేను అధ్యక్షుణ్ణి. నా భార్యే స్టూడియోకి వెడితే రేపు మెట్ల మీద నా మొహం ఎవరికి చూపించను?" అన్నారు. ఈ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే మెట్ల మీద బల్బు లేదు.

మనిషి ప్రాణం విసిగినప్పుడే సంఘం ఔదార్యం బయటపడుతుంది. ఈసారి నిజంగా తెల్లరంగే కొన్నాం. భవన నిర్వహణ. నీడ పడకుండా ఒకటికి నాలుగు పెద్ద బల్బులు కొన్నాం. భవన నిర్వహణ. వాటిని బిగించడానికి వచ్చిన మనిషి మెట్ల కింద మనుషుల్ని ఇంత వెలుగులో ఎందుకు కూర్చోబెడుతున్నారని అడిగి, సమాధానం విని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ వెలుగులో తెల్లగోడ ముందు, తెల్లజుట్టు పిన్నిని, ఉన్నవాటిలో మంచివని తెల్ల బట్టలు కట్టించి కూర్చోబెట్టి ఫోటో తీశాం. ఫోటోలో రెండు కళ్లూ, ఒక ముక్కూ, ఒక నోరూ మాత్రం గాలిలో తేలుతూ వచ్చాయి. తల లేదు.

దీన్ని కోశాధికారి గారి అల్లుడు చక్కదిద్దుతానని ముందుకొచ్చాడు. అతను కంప్యూటర్లలో ఉంటాడు. ఏం చేస్తాడో ఆ మావగారికే తెలియదు గానీ అందులోనే ఉంటాడు. ఓపిగ్గా కూర్చుని పిన్నికి నల్లటి జుట్టు గీశాడు. చెయ్యి తిరిగింది కదా అని నుదుటి ముడతలు తీసేశాడు. చుబుకం చెక్కాడు. పెదవులకు రంగు అద్దాడు. చుట్టూ చేరి చూసినవాళ్లందరూ ముక్కున వేలేసుకున్నారు. బాబాయి ఆ ఫోటోని చాలాసేపు చూసి, "ఈ మాత్రం చేతనైనవాడు నీకుండగా స్టూడియో ఎందుకయ్యా మనకి!" అని కోశాధికారిని కౌగిలించుకున్నారు. పిన్ని కూడా కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఎవరో గానీ, నాకన్నా మెల్లగా నడిచేలా ఉంది" అంది.

కౌంటర్లో అమ్మాయి ఫోటో చూసి పిన్ని వెనక్కి తొంగిచూసింది. "మీ అమ్మాయి రాలేదా అమ్మా? అర్జీదారు స్వయంగా రావాలి."

"నేనేనమ్మా" అంది పిన్ని. తన మొహం తనదేనని రుజువు చేసుకోవలసి రావడం అంత తేలికేమీ కాదు. కౌంటర్లో అమ్మాయి గొంతు తగ్గించి, "రేపే ఆఖరు రోజమ్మా. నాలుగింటికి మూసేస్తాం" అని చెప్పింది.

మరునాడు మధ్యాహ్నం తెల్లగోడకు రెండో ప్రారంభోత్సవం జరిగింది. గోడకు తెలుపు కాస్త తగ్గించి, బల్బులు రెండు ఆర్పి, అన్ని లోపాలూ సవరించాం. పిన్ని గోడ ముందు స్టూలు మీద అర్జీ ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది. ఫోటో నొక్కితే అయిపోయేది. అయితే ప్రారంభోత్సవం అన్నాక ప్రసంగం లేకపోతే జనం ఏమనుకుంటారు?

"సోదర సోదరీమణులారా!" అన్నారు బాబాయి. "నేడు మనం ఒక గోడకు రంగు వేశామని కొందరు అల్పులు అనుకోవచ్చు. కాదు! పరాధీనత మొహాన సున్నం కొట్టాం! ఎవరో వస్తారు, మన మొహం మనకి చూపించి డబ్బులడుగుతారు. ఇదా మనం కోరుకున్న సమాజం? ఈ గోడ ముందు కూర్చున్న ఈ మహిళ ఎవరు? నా భార్య అని మీరనుకుంటున్నారు. కాదు! ఆమె ఒక ఉద్యమం!"

"ఏవండీ, మూడున్నరయింది" అంది ఉద్యమం.

"ప్రసంగం మధ్యలో మాట్లాడకూడదు. ఆ, ఎక్కడున్నాను? పొదుపు చరిత్రను మనం మూడు దశలుగా విభజించుకోవచ్చు..."

రెండో దశ మొదట్లో పిన్ని స్టూలు మీంచి లేచింది. చెప్పులేసుకుంది. గేటు దాటింది. బాబాయి ప్రసంగం ఆపకుండానే నాకు కనుసైగ చేశారు, పట్టుకురమ్మని. నేను వయసులో ఉన్నవాణ్ణి, పైగా కార్యదర్శిని. పరిగెత్తాను. పిన్ని నడిచింది. వీధి పొడుగునా మా ఇద్దరి మధ్య దూరం పెరుగుతూనే పోయింది. నేను రొప్పుకుంటూ అందుకునేసరికి ఆవిడ స్టూడియోలో నిలబడి ఉంది.

"రండమ్మా, రండి!" అంటున్నాడు స్టూడియో యజమాని. "ఆ మెట్లకింద బల్బుల భవనమా మీది? అక్కడివాళ్లంతా నా దగ్గరికే కదా వస్తారు! కాకపోతే పెద్దమనుషులు పాపం, ఎందుకో అందరూ వెనక గుమ్మంలోంచే వస్తారు."

పిన్ని అతని మాట వింటూ గోడకేసి చూస్తోంది. అక్కడ నమూనాల అద్దాల చట్రం వేలాడుతోంది. పై వరసలో మధ్యన మా బాబాయి. చక్కటి తెల్లటి నేపథ్యం, రెండు చెవులూ స్పష్టం, ఎక్కడా నీడ లేదు. పైగా కోటు.

"ఆయన చాలా మంచి బేరం అమ్మా" అన్నాడు యజమాని ఆవిడ చూపు గమనించి. "కోటు ఊరికే ఇస్తానంటే నాలుగు ఫోజులు దిగారు. ఏడాదికోసారి వస్తారు."

ఆయన పక్కన కోశాధికారి గారు. దాని కింద, కంప్యూటర్లలో ఉండే అల్లుడు, చుబుకం యథాతథంగా. ఆ కింద పై అంతస్తువాళ్లు, కింది అంతస్తువాళ్లు, తీర్మానం మీద సంతకం పెట్టినవాళ్లందరూ వరసలు తీరి, నవ్వకుండా మాకేసి చూస్తున్నారు. అడుగున ఒక మూల నాలాంటివాడి మొహం కూడా ఒకటుంది. పోలిక కావచ్చు.

"నువ్వూనట్రా?" అంది పిన్ని.

నేను జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాను.

పిన్ని ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. చట్రంలో మమ్మల్నందరినీ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకసారి చూసింది. "ఇన్ని మొహాల్లోనూ నా మొహం ఒక్కటేరా దుబారా?" అంది.

యజమాని ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ "నవ్వకూడదమ్మా" అన్నాడు. చెప్పనక్కర లేకపోయింది. ఒక్క మెరుపు మెరిసింది, అంతే. మా సంఘం నెలంతా చేసిన కృషి ముగియడానికి పట్టిన కాలం అది. పిన్ని తన సంచీలోంచి డబ్బు తీసి, బేరమాడకుండా ఇచ్చి, ఫోటోలు ఆరీ ఆరకుండానే పట్టుకుని రోడ్డు మీద పడింది. బస్సు కోసం ఆగలేదు. ఆ దారిలో వచ్చే బస్సులోంచి ఒకాయన చూశాడట. ముసలావిడ ఎవరో బస్సు పక్కనే నడుస్తూ, తరవాత బస్సుకి ముందు నడుస్తూ, ఆ తరవాత కనబడకుండా పోయిందని, డ్రైవరు సిగ్గుపడి హారన్ కొట్టాడని చెప్పాడు. ఆవిడ వెళ్లేసరికి ఆఫీసు షట్టరు సగం దిగింది. పిన్ని వంగి లోపలికి దూరింది. కౌంటర్లో అమ్మాయి ఫోటోని మెషీన్‌లో పెట్టింది, పచ్చదీపం వెలిగింది. "ఇదిగో, ఇప్పుడు మీరొచ్చారు" అంది.

పాస్‌పోర్టు వచ్చింది. పిన్ని వెళ్లింది, నడిచింది, రెండో స్థానంలో నిలిచి మెళ్లో పతకంతో తిరిగొచ్చింది. బాబాయి పతకాన్ని అరచేతిలో పెట్టుకుని తూచి చూసి, వెండి కాదు, పూత అని తేల్చారు.

ఈలోగా స్టూడియో యజమానికి మంచి రోజులొచ్చాయి. చట్రంలోంచి తమ నమూనా తీసెయ్యమని మా సభ్యులు ఒకరి తరవాత ఒకరుగా, వెనక గుమ్మంలోంచి వెళ్లి అడిగారు. తగిలించినప్పుడు ఊరికే తగిలించాను గానీ తియ్యడానికి మాత్రం ఖర్చవుతుందన్నాడు. ఎంతయిందన్నది సభ్యుల వ్యక్తిగత విషయం. ఆ మూలనున్న, నా పోలికలున్న మనిషిది కూడా ఎవరో తీయించేశారని విన్నాను. ఇప్పుడు చట్రంలో ఒక్క ఫోటోయే ఉంది. తెల్లజుట్టు, నుదుట ముడతలు, రెండు చెవులు.

నిబంధన నిబంధనే. బయటివాడికి డబ్బిచ్చిన నేరం కింద పిన్ని మీద విచారణ జరిగింది. సంజాయిషీ చెప్పుకోమంటే, "ఏం లేదండీ, నా నడకకి టైమయింది" అని లేచి వెళ్లిపోయింది. ఆవిణ్ణి సంఘం నుంచి బహిష్కరించే తీర్మానాన్ని బాబాయి బరువెక్కిన హృదయంతో ప్రవేశపెట్టారు. సొంత భార్య అయినా న్యాయం ముందు సమానమేనన్న ఆయన మాటకి కొందరు కళ్లొత్తుకున్నారు. తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అందరం చేతులెత్తాం. ఎవరి ఫోటో చట్రంలో ఎంత పై వరసలో ఉండేదో వాళ్ల చెయ్యి అంత పైకి లేచింది.

బహిష్కృతుల ఫోటో నోటీసు బోర్డులో పెట్టాలని నియమావళిలో ఉంది. మా దగ్గరున్న ఫోటోల్లో ఒకదానికి చెయ్యి ఎక్కువ, ఒకదానికి తల తక్కువ. చివరికి అధ్యక్షులవారి లిఖితపూర్వక ఆదేశంపై నేనే స్టూడియోకి వెళ్లి పిన్ని ఫోటో ఒక కాపీ కొనుక్కొచ్చి అంటించాను. భవన నిర్వహణ.

ఆ విధంగా మా భవనం ఇప్పుడు దుబారా నుంచి సంపూర్ణంగా విముక్తమైంది. పిన్ని ఖాళీ చేసిన సభ్యత్వం ఒకటి భర్తీకి సిద్ధంగా ఉంది. ఇంత ఓపికగా చదివారంటే మీరు మా భావాలున్నవారే అయివుంటారు. ప్రవేశ రుసుము ఏమీ లేదు. రెండు పాస్‌పోర్టు ఫోటోలు మాత్రం పట్టుకుని రండి. ఎక్కడ తీయించుకున్నారని ఎవరూ అడగరు.